లేని బండికి తొమ్మిది పంక్చర్లు

హెడ్డాఫీసు నుంచి వచ్చిన అడ్మిన్ ఆఫీసరు కుర్చీలో కూర్చోకుండానే, "ఆ మోటార్ సైకిల్ ఒకసారి చూపించండమ్మా" అన్నాడు.

ఉదయం పదిన్నర. దిల్‌సుఖ్‌నగర్‌లో మా పత్రిక బ్యూరో ఒక స్వీటు షాపు పైన, రెండో అంతస్తులో ఉండేది. కింద జిలేబీలు వేసే వేళ అది. వాసన మెట్లెక్కి నేరుగా మా గదిలోకి వచ్చేది. మా ఇన్‌చార్జి మేడం నా వైపు చూసింది. నేను ఫ్యాను వైపు చూశాను.

"ఏ మోటార్ సైకిలండీ?" అంది మేడం.

"ఎల్బీ నగర్ రిపోర్టరుది." ఆయన సంచిలోంచి ఫైలు తీశాడు. "రెండు నెలల్లో తొమ్మిది పంక్చర్లు. రెండుసార్లు చైను తెగింది. ఒకసారి క్లచ్ వైరు. కర్మన్‌ఘాట్ దగ్గర గేదె అడ్డం వచ్చి హ్యాండిల్ వంకరపోయింది. ఇలాంటి బండి మీద మనిషిని తిప్పడం ప్రమాదమని పైవాళ్లు అభిప్రాయపడ్డారు. పరిశీలించి నివేదిక ఇమ్మన్నారు."

ఇబ్బంది ఒక్కటే. ఆ బండి లేదు. ఎన్నడూ లేదు. ఎల్బీ నగర్ రిపోర్టరుకు బండి నడపడమే రాదు. మెడలో పాసు వేలాడేసుకుని సిటీ బస్సులో తిరిగేవాడు. గేదెతో సహా ఆ బండి మొత్తాన్ని సృష్టించింది నేను.

ఆ బ్యూరోలో డెస్కు పని నాది. రిపోర్టర్లు తెచ్చిన వార్తలు దిద్ది, శీర్షికలు పెట్టి, పేజీకి పంపేవాణ్ణి. అప్పటికి పాతికేళ్లుగా జరిగినవి మాత్రమే రాస్తూ వచ్చిన మనిషిని. జరగనివి రాయడం మొదలుపెట్టింది 'మిస్సింగు' వల్ల.

మిస్సింగు అంటే, పోటీ పత్రికలకు దొరికి మనకు దొరకని వార్త. రోజూ పొద్దున్నే హెడ్డాఫీసులో ఒకాయన పత్రికలన్నీ ముందేసుకుని వాటి జాబితా తీస్తాడు. పదింటికల్లా అది ఫ్యాక్సులో బ్యూరోలకు చేరుతుంది. పన్నెండింటిలోగా ఒక్కో వార్తా ఎందుకు రాలేదో సంజాయిషీ పంపాలి. దానికొక అచ్చు ఫారం. వాహనం, అనారోగ్యం, ఫోను, బంద్, ఇతరములు అని ఐదు గడులు. ఒకదానిలో టిక్కు పెట్టి పక్కన రెండు వాక్యాలు రాయాలి. తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులు కనుక 'బంద్' గడిని అందరూ తెగ వాడేసి, దాని మీద ఎవరికీ నమ్మకం లేకుండా చేశారు. 'ఇతరములు'లో టిక్కు పెడితే హెడ్డాఫీసు వెంటనే ఫోన్ చేసేది. సరైన కారణం లేకుండా ఒకే రకం వార్త నెలలో మూడుసార్లు మిస్సయితే ఆ రిపోర్టరుకు బదిలీ. ఎల్బీ నగర్ వాణ్ణి తీసుకెళ్లి బస్సు కూడా పోని ఏ మండలంలోనో పడేస్తారు.

మా మేడంది కృష్ణా జిల్లా. పెళ్లయిన కొత్తలో వచ్చి చైతన్యపురిలో స్థిరపడ్డారు. పొద్దుటి మీటింగులో ఆమెకో నియమం ఉండేది. ముందు ఏం తిన్నారో చెప్పాలి. ఆ తర్వాతే ఏం వార్తో చెప్పాలి. ఇదేం చాదస్తమని మొదట్లో నవ్వుకున్నాం. అయినా చెప్పేవాళ్లం. చెప్పకపోతే మీటింగు ముందుకు సాగేది కాదు.

ఎల్బీ నగర్ రిపోర్టరుది పోచంపల్లి మగ్గాల ఇల్లు. తండ్రి దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చీరల దుకాణంలో పనికి కుదిరాక సరూర్‌నగర్ చెరువు పక్క కాలనీలో కిరాయికి ఉంటున్నారు. కుర్రాడు మాటకారి. ఉద్యమమంటే ప్రాణం.

"చెప్పు నాయనా, ఏం తిన్నావ్?" అని ఒకరోజు మేడం అడిగింది.

"వంటా వార్పుల తిన్న మేడం. కొత్తపేట రోడ్డు మీద అన్నం, పప్పు వండిన్రు."

"మా జిల్లాల వాళ్లని తిట్టుకుంటూ వండిన పప్పేగా? ఉప్పు సరిపోయిందా?"

"జర ఎక్కువైంది మేడం."

"కోపంలో వండితే అంతే. అది కూడా రాయి, పాఠకులు నమ్ముతారు."

రాశాడు. నేను కొట్టేశాను. మేడం మళ్లీ పెట్టించింది.

కొన్నాళ్లకు అతని జవాబు మారింది. ఏం తిన్నావంటే ఉప్మా. మర్నాడూ ఉప్మా. ఆ మర్నాడూ ఉప్మా. మేమెవ్వరం పట్టించుకోలేదు. ఒక మధ్యాహ్నం మేడం నన్ను పిలిచి కూర్చోబెట్టింది. నన్ను ఆట పట్టించాలన్నా, నాతో పని పడినా ఆమె గురువుగారూ అనేది.

"గురువుగారూ, ఏ ఇంట్లోనైనా పన్నెండు రోజులు వరసగా ఉప్మా చేస్తారా?"

"చెయ్యరు."

"చేసినా తినరు. పైగా ఆ అబ్బాయి వాళ్లమ్మకి ఉప్మా అంటే గిట్టదు. నాకు ఆవిడ తెలుసు, వాళ్లింటికెళ్లి చీరలు కొంటాను కదా. జొన్నరొట్టె తప్ప ఇంకోటి చెయ్యదు. ఈ పిల్లాడు పొద్దున ఏమీ తినడం లేదండీ. మనం అడుగుతున్నాం కాబట్టి నోటికొచ్చింది చెబుతున్నాడు."

సరిగ్గా ఆ రోజుల్లోనే మిస్సింగు జాబితాలో అతని ప్రాంతం కనిపించడం మొదలైంది. ధర్నా వదిలేవాడు కాదు. రాస్తారోకో వదిలేవాడు కాదు. లాఠీచార్జిలో వీపు వాచినా కూర్చుని రాసేవాడు. ఉద్యమంలో బిడ్డను పోగొట్టుకున్న ఇంటికి మాత్రం వెళ్లేవాడు కాదు. ఎల్బీ నగర్ చౌరస్తాలో చీమ చిటుక్కుమన్నా ముందు తెలిసేది అతనికే. అలాంటివాడు "సమాచారం అందలే మేడం" అంటూ తల దించుకునేవాడు.

"ఒక వారం సెలవు పెట్టు నాయనా" అంది మేడం.

"నాకేమైంది మేడం? మంచిగనే ఉన్న."

మా వృత్తిలో జ్వరానికి సెలవు పెట్టడమే నామోషీ. ఇక మనసు బాగాలేదంటే ఆ రోజుల్లో ఆఫీసులో వినిపించేది పిచ్చి దవాఖాన పేరు ఒక్కటే. అతను ఒప్పుకోకపోవడంలో వింతేమీ లేదు.

సరే, కొన్నాళ్లు పండ్ల మార్కెట్ వార్తలు చూడమంది. బత్తాయిల ధరలు రాసుకుంటూ ఉంటే మనిషి కాస్త తేరుకుంటాడని ఆమె ఆలోచన. అతను కిందికి దిగి టీ కొట్టు దగ్గర, "ఆంధ్రా మేడం తెలంగాణ వార్తలు నా చేతికెల్లి గుంజుకుంటున్నది" అన్నాడు. ఆ మాట కప్పు టీ చల్లారేలోపు ఎల్బీ నగర్ దాటింది. సాయంత్రానికి జర్నలిస్టుల సంఘం నుంచి మేడంకు ఫోను. విషయం ఏమిటో చెబితే కుర్రాడి పరువు పోతుంది. చెప్పకపోతే తన పరువు పోతుంది. ఆమె చెప్పలేదు. పండ్ల మార్కెట్ ఆలోచన మానుకుంది.

"నా జిల్లా నాకు అడ్డమొచ్చింది గురువుగారూ" అని తలుపు దగ్గరికి వేసింది. "ఇక ఒకటే దారి. అతని మిస్సింగులకి సంజాయిషీలు మీరు రాయండి. నేను సంతకం పెడతాను. అతనికి తెలియకూడదు. హెడ్డాఫీసుకి అసలే తెలియకూడదు."

"ఏ గడిలో టిక్కు పెట్టమంటారు?"

"ఏదో ఒకటి. ఆ కుర్రాడికి కాస్త టైము దొరకాలి, అంతే."

నేను ఫారం తీసుకుని 'వాహనం' గడిలో టిక్కు పెట్టి, 'నాగోల్ దగ్గర బండి పంక్చర్ అయినందున సకాలంలో చేరలేకపోయారు' అని రాసి ఫ్యాక్సు చేశాను. పాతికేళ్లలో కొన్ని వందలసార్లు బండ్లున్న రిపోర్టర్ల కోసం రాసిన వాక్యం అది. చెయ్యి దానంతటదే రాసేసింది. భోజనం డబ్బా విప్పుతుండగా గుర్తొచ్చింది.

"మేడం, అతనికి బండి లేదు."

ఆమె చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. "అవునండోయ్. సంతకం పెట్టేటప్పుడు నాకూ తట్టలేదు." ముద్ద నోట్లో పెట్టుకుని, "పోనీలెండి. ఇకనుంచి ఉందనుకుందాం" అంది.

ఉందనుకున్న తర్వాత ఆ బండి మీద నాకు మమకారం పెరిగింది. ఎర్ర రంగుదని మనసులోనే ఖాయం చేసుకున్నాను. సెకండ్ హ్యాండుది. సెల్ఫ్ స్టార్టు పనిచేయదు. వనస్థలిపురం పైకి ఎక్కేటప్పుడు ఆయాసపడుతుంది. సకల జనుల సమ్మెలో బస్సులు ఆగిపోయి, పాపం ఆ కుర్రాడు ఎల్బీ నగర్ నుంచి ఆఫీసుకు నడిచి వచ్చిన రోజున, బండిలో పెట్రోలు అయిపోయిందని రాశాను. గేదెను తెచ్చిన రోజు మేడం సంతకం పెట్టకుండా చాలాసేపు చూసింది.

"గేదె ఎందుకండీ?"

"అన్నీ పంక్చర్లంటే నమ్మరని."

"దానికేం దెబ్బ తగల్లేదు కదా?"

"లేదు, పక్కకి తప్పుకుంది."

"అయితే ఆ ముక్క కూడా రాయండి. మళ్లీ గేదె గురించి అడుగుతారు."

నేనిలా బండి నడుపుతుంటే, ఆ వార్తలన్నీ ఎవరు తెచ్చేవారని అడగవచ్చు. మేడమే. మధ్యాహ్నం పూట కూరగాయలకని చెప్పి ఆటో ఎక్కేది. ఆ ఇళ్లకు తనే వెళ్లేది. మర్నాటి పేజీలో, ఒకరోజు ఆలస్యంగా, ఎవరి పేరూ లేకుండా వార్త వచ్చేది. ఆమె తిరిగొచ్చినప్పుడు సంచిలో కూరగాయలు ఉండేవి కావు. మెట్ల కింద కుళాయి దగ్గర మొహం కడుక్కుని పైకి వచ్చేది. ఆ కుళాయి చప్పుడు నాకు వినబడేది. నేను ఇంకో పంక్చరు రాసేవాణ్ణి.

ఇలా రెండు నెలలు గడిచాయి. తొమ్మిదో పంక్చరు తర్వాత వచ్చాడు అడ్మిన్ ఆఫీసరు.

"బండి మెకానిక్కు దగ్గరుందండీ" అన్నాను.

"ఎక్కడ?"

"కొత్తపేటలో."

"దగ్గరే కదా, పదండి" అని ఆయన ఫైలు చంకలో పెట్టుకున్నాడు. నేను చెప్పుల కోసం కావాలనే చాలాసేపు వెతికాను. ఇంతలో మెట్ల మీద అడుగుల చప్పుడైంది. ఎల్బీ నగర్ రిపోర్టరు చెమటలు తుడుచుకుంటూ లోపలికి వచ్చాడు.

"మీ బండి ఏ మెకానిక్కుకి ఇచ్చారండీ?" అని ఆఫీసరు అడిగాడు.

"నాకు బండెక్కడిది సార్?"

"మరి దేని మీద వచ్చారు?"

"బస్సుల ఒచ్చిన. సీటు గూడ దొరకలే, నిలబడే ఒచ్చిన."

ఆఫీసరు అతని మెడలో పాసు చూశాడు. ఫైలు చూశాడు. మళ్లీ పాసు చూశాడు. "మరి గేదె?"

"ఏం గేదె సార్?"

ఇక మేడం లేచి నిలబడింది. "బండి లేదండీ. ఆ సంజాయిషీలన్నీ నేను రాయించాను. తప్పు నాది."

"రాసింది నేను" అన్నాను. అందులో నిజాయితీ కొంత. గేదె ఘనత ఇంకెవరి ఖాతాలోనో పడుతుందేమోనన్న బాధ కొంత.

కుర్రాడు ఫైలు అందుకుని స్టూలు మీద కూర్చుని మొదటి కాగితం నుంచి చదవడం మొదలుపెట్టాడు. నాకు భయం వేసింది. తన వెనకాల ఇంత జరిగిందని తెలిస్తే, టీ కొట్టు దగ్గర అన్న మాట ఈసారి పెద్దగా అంటాడనుకున్నాను. అతను ఒక్కో కాగితం తిప్పుతూ, గేదె దగ్గర ఆగి, తలెత్తి నన్ను చూశాడు.

"ఏంది అన్నా, నా బండికి గిన్ని కష్టాలా? ఒక్కనాడన్న మంచిగ నడిచిందా అది?"

నవ్వాడు. మేడం నవ్వింది. నేనూ నవ్వాను. ఆఫీసరు నవ్వలేదు. మేం ఆపినా కుర్రాడు ఆపలేదు. నవ్వి నవ్వి, మొహానికి ఫైలు అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి గానీ అది నవ్వు కాదని కాసేపటికి అర్థమైంది.

"మీరు కూర్చోండి, జిలేబీలు తెప్పిస్తాను" అని మేడం ఆఫీసరుతో మెల్లగా అంది. ఆయన కూర్చున్నాడు.

అప్పుడు చెప్పాడు కుర్రాడు. మీర్‌పేట్‌లో ఒక తల్లి. కాలేజీలో చదివే కొడుకు ఉద్యమంలో చనిపోయి రెండో రోజు. పత్రికకు ఫోటో కావాలి, మా పనిలో అది తప్పదు. ఆమె ట్రంకుపెట్టె తీసి చిన్న పాస్‌పోర్ట్ సైజు ఫోటో ఇచ్చింది.

"ఇదొక్కటే ఉన్నది బిడ్డా అన్నది మేడం. రేపు తెచ్చిస్తనమ్మా అని చెప్పిన. కవర్ల పెట్టి హెడ్డాఫీసుకు పంపిన. పేపర్ల పడ్డది గానీ ఫోటో మల్ల రాలే. నాలుగుసార్లు ఫోన్ జేసిన. లైబ్రరీల అడుగుమన్నరు, లైబ్రరోళ్లు స్కానింగుల అడుగుమన్నరు. ఇగ ఏ ఇంటికి పోయినా ముందుగాల ఫోటో అడగాలె కద. ఏం మొఖం పెట్టుకొని అడగాలె?"

"నాకు ఎందుకు చెప్పలేదు నాయనా?"

"మీరు ఆంధ్రోళ్లు..." అని నాలుక కరుచుకున్నాడు. "గందుకని కాదు మేడం. మీరు ఇన్‌చార్జి."

"రెండూ నా తప్పులే" అంది మేడం.

ఆఫీసరు వేళ్లకు అంటిన పాకం జేబురుమాలుతో తుడుచుకుంటున్నాడు. మేడం ఆయన వైపు తిరిగింది. "లేని బండిని వెతకడానికి ఇంత దూరం వచ్చారు కదండీ. ఉన్న ఫోటో ఒకటి వెతికిపెట్టండి."

ఆయన డైరీ తీశాడు. "వెనక పేరు రాశారా?" అని కుర్రాణ్ణి అడిగాడు.

"పెన్సిల్‌తోని రాసిన సార్. పేరు, ఊరు."

"ఇంకుతో రాయాల్సింది" అని చెప్పి వెళ్లిపోయాడు.

ఆయన నివేదికలో, వాహనమే లేనందున పంక్చర్లు చెల్లవని రాశాడు. అందులో తప్పుపట్టడానికేమీ లేదు. మేడంకు మెమో వచ్చింది. ఆ మిస్సింగులన్నీ తన పేరు మీద వేసుకోమని ఆమె జవాబిచ్చింది. వేశారు. కుర్రాడి బదిలీ తప్పింది. జవాబుతో పాటు ఆమె ఒక ఖాళీ ఫారం కూడా పంపింది. ఐదు గడుల కింద స్కేలు పెట్టి ఆరో గడి గీసి, పక్కన 'మనసు' అని రాసింది. 'ఈ గడి ఉండి ఉంటే గేదె అవసరం పడేది కాదు' అని కింద నా చేత రాయించింది. పరిశీలనలో ఉందని వారంలో సమాధానం వచ్చింది.

నెల తిరక్కుండా హెడ్డాఫీసు నుంచి ఒక కవరు వచ్చింది. అందులో పదకొండు పాస్‌పోర్ట్ ఫోటోలు. 'లైబ్రరీ సొరుగులలో లభించినవి. కావలసినది ఇందులో లేనిచో తెలియజేయగలరు' అని అడ్మిన్ ఆఫీసరు చీటీ. కుర్రాడు వాటిని బల్ల మీద పరిచి ఒక్కొక్కటే చూశాడు. కావలసినది లేదు.

"తిప్పి పంపమంటారా?" అన్నాను.

"ఎందుకు?" అంది మేడం. "ఇవీ ఎవరింటివో కదా. వెనక పేర్లున్నాయి, ఊళ్లున్నాయి. ఇచ్చి రండి."

అలా అతను బస్సులో, కాలినడకన ఆ ఫోటోలు పంచడం మొదలుపెట్టాడు. అతనూ నేనూ కలిసే వెళ్లాలని మేడం షరతు. మొదట వెళ్లింది హస్తినాపురం. మెట్ల దగ్గర అతను గొంతు సవరించుకుని, చొక్కా సర్దుకుని, చెప్పాల్సిన మాటలు నాకు ఒకసారి వినిపించాడు. తలుపు కొట్టాడు. ఫోటోలోని మనిషే లుంగీతో తలుపు తీశాడు.

కుర్రాడు ఒకడుగు వెనక్కి వేశాడు. "మీరు... ఉన్నరా?"

"ఉండక యాడికి పోత? ఎవలు మీరు?"

విషయం చెప్పాం. ఆయన ఫోటో తీసుకుని వెలుతురులో పట్టి చూశాడు. "కాలనీ సంఘానికి అధ్యక్షుణ్ణి. మోరీ పొంగుతుందని వార్త రాయించి, ఫోటో ఇచ్చిన. గప్పుడు నా జుట్టు నల్లగుండె. ఫోటో తెచ్చిన్రు, సంతోషం. మోరీ సంగతి ఏమాయె?"

ఇంటి ముందు మురుగు కాలువ చూపించాడు. ఇంకా పొంగుతూనే ఉంది. కుర్రాడు అక్కడే నిలబడి రాసుకున్నాడు. తిరుగు బస్సులో ఎల్బీ నగర్ దాకా నవ్వుతూనే ఉన్నాడు.

అన్ని ఇళ్లూ అలా లేవు. కొన్నిచోట్ల ఫోటో చేతిలో పెట్టి, మంచినీళ్లు తాగి వచ్చేశాం. పదకొండూ అయిపోయాక ఒకరోజు అతనే, "మేడం, మీర్‌పేట్ పోదాం" అన్నాడు. వాళ్లిద్దరూ వెళ్లారు. జరిగింది నాకు మేడం చెప్పింది.

ఫోటో పోయిందని కుర్రాడు గుమ్మంలోనే చెప్పేశాడట. ఆ తల్లి లోపలికెళ్లి, ప్లాస్టిక్ కవర్లో దాచుకున్న మా పేపరు ముక్క తెచ్చి చూపించింది. "పేపర్ల పడ్డది దాసుకున్న బిడ్డా. గానీ అండ్ల మొఖం నల్లగ పడ్డది. మా పిలగాడు గంత నలుపు గాదు" అంది. ఆ తర్వాత అతని మొహం చూసి, "తిన్నవా?" అని అడిగింది. లేదన్నాడు. అన్నం పెట్టింది.

మర్నాడు మీటింగులో మేడం వరసగా అందరినీ అడుగుతూ అతని దగ్గరికి వచ్చింది.

"ఇయ్యాల జొన్నరొట్టె మేడం" అన్నాడు. "నిన్న మీర్‌పేట్ల తిన్న."

ఆమె రాసుకునే పుస్తకంలోకి తల దించి, తర్వాతి మనిషిని అడిగింది.

అప్పటినుంచి మా బ్యూరోలో, చావు జరిగిన ఇంటికి ఒక్కరే వెళ్లకూడదు. ఫోటోను ఆ ఇంట్లోనే కెమెరాతో తీసుకోవాలి, గడప దాటించకూడదు. ఇది ఏ సర్క్యులర్‌లోనూ లేదు. మేడం గోడ మీద స్కెచ్ పెన్నుతో రాసింది.

రాష్ట్రం వచ్చింది. దిల్‌సుఖ్‌నగర్ మీదుగా మెట్రో వెళ్తోంది. మేడం రిటైరై చైతన్యపురిలోనే ఉన్నారు. ఆ కుర్రాడు ఇప్పుడు ఇంకో పత్రికలో ఇన్‌చార్జి. పొద్దున్నే అందరినీ ఏం తిన్నారని పీడిస్తాడని వాళ్ల రిపోర్టరొకడు నాతో మొరపెట్టుకున్నాడు. మా పాత పత్రికలో సంజాయిషీ ఫారం కంప్యూటర్లోకి మారిందని విన్నాను. గడులు ఐదే ఉన్నాయట.

రిటైరైన అడ్మిన్ ఆఫీసరు ఆ మీర్‌పేట్ ఫోటో గురించి ఇప్పటికీ అప్పుడప్పుడు ఫోన్ చేస్తాడు. హెడ్డాఫీసు కొత్త భవనానికి మారినప్పుడు లైబ్రరీ బీరువాలు రెండు తెరవకుండా పాత భవనంలోనే వదిలేశారని కిందటిసారి చెప్పాడు. వాటి తాళాలు ఎవరి దగ్గర ఉన్నాయో ఆయనకు ఇంకా తెలియలేదు.